వాన వడ్తుందా బిడ్డా?

పోయినేడు శ్రావణంలో ఒక సాయంత్రం. దండెం మీది బట్టలు తీయడానికి పెరట్లోకి ఉరికి, సగం తడిసి లోపలికొచ్చాను. అత్తమ్మ గదిలోంచి పోతుంటే నా కొంగు నీళ్లు ఆమె చేతి మీద పడ్డాయి. ఉలిక్కిపడింది.

"గీ నీళ్లేంది? వాన వడ్తుందా బిడ్డా?"

అప్పటికి అరగంట నుంచి దంచి కొడుతోంది.

"అవునత్తమ్మా, ఇందాకట్నుంచి పడుతోంది" అన్నాను. ఆమె ఇంకేం అనలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఎందుకో చెప్పాలంటే పాత ఇంటి సంగతి చెప్పాలి. మాది జైనూర్. వానకాలమంటే ఏమిటో మా ఆదిలాబాద్ వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు, ముసురు పట్టిందంటే వారం రోజులు సూర్యుడు కనపడడు. నేను కాపురానికొచ్చినప్పుడు మాది గూనపెంకుల ఇల్లు. మొదటి చినుకు గూన మీద టప్పుమంటే చాలు, అత్తమ్మ ఎక్కడున్నా కేకేసేది. "మిరపకాయలు లోపలెయ్! కట్టెల మీద పట్టా కప్పు! దండెం మీద బట్టలు తియ్!" నీటికాసులు వచ్చి రెండు కళ్లూ పోయాక కూడా ఆమె కొలువు అదే. చూపున్న మేమంతా టీవీ ముందు కూర్చుంటే, చూపు లేని ఆమె వాన వచ్చిందని చెప్పేది. రాళ్లవానా, జడివానా, రెండు నిమిషాల్లో పోయేదా, పొద్దాకా పట్టేదా, అన్నీ పడుకునే చెప్పేది.

ఆ ఇల్లు తీసేసి స్లాబ్ వేయాలని పట్టుబట్టింది నేనే. నా తప్పు నేను ఒప్పుకుంటున్నా, కానీ పెంకుటింటి గురించి పాటలు పాడేవాళ్లు ఒక్క వానకాలం అందులో వంట చేసి చూడాలి. మిరుగం రాకముందే ఏటా గూన సర్దించాలి. సర్దిన నాలుగో రోజు కోతులు వచ్చి మళ్లీ తిరగేసేవి. పొయ్యి మీద ఒక గిన్నె, బియ్యం డబ్బా పక్కన ఒక గిన్నె, పిల్లల మంచం కింద ఒక తట్ట. మా ఆయనతో పదేళ్లు పోట్లాడి స్లాబ్ వేయించుకున్నాను. పోయినేడు ఉగాది దాటాక గృహప్రవేశం చేశాం. అత్తమ్మకు నడిమి గది ఇచ్చాం, గాలి చొరబడదు, చలి ఉండదు, బాత్రూం పక్కనే. పైన ఫ్యాను తిరుగుతుంటే బయట ఆకాశం విరిగిపడ్డా ఆ గదిలోకి వినపడదు. అదొక్కటి నేను ఆలోచించలేదు.

ఆ రోజు నుంచి ఆమె రోజుకు నాలుగుసార్లు అడగడం మొదలుపెట్టింది. "వాన వడ్తుందా బిడ్డా?" ఎండ కాస్తున్నా అడిగేది. రాత్రి రెండు గంటలకు కూడా.

ఇంటర్ చదివే మా చిన్నోడితో చెప్తే, "గంతేనా అమ్మా, ఫోన్‌లో వాన పెడదాం" అన్నాడు. యూట్యూబ్‌లో పెడితే వాన మధ్యలో సిమెంటు ప్రకటన వచ్చింది. అప్పుడు వాడే చెప్పాడు, పుస్తకాలకు ఉన్నట్టు చప్పుళ్లకు కూడా గ్రంథాలయాలున్నాయని. ఫ్రీసౌండ్ అని ఒకటి. స్పెయిన్‌లో బార్సిలోనాలోని ఒక విశ్వవిద్యాలయంలో, సంగీతం మీద పరిశోధన చేసేవాళ్లు 2005లో మొదలుపెట్టారట. లోకంలో ఎవరైనా తాము రికార్డు చేసిన చప్పుడు అందులో పెట్టొచ్చు. తలుపు కిర్రుమనడం, రైలు కూత, తబలా ముక్క, కుక్కల ఏడుపు, అన్నీ కలిపి ఐదు లక్షలు దాటాయి. సినిమాలు తీసేవాళ్లు, ఆటలు తయారుచేసేవాళ్లు, పాటలు కట్టేవాళ్లు అక్కడ్నుంచి తీసుకుంటారు. వినడానికి ఏమీ అక్కర్లేదు, దించుకోవాలంటే ఖాతా తెరవాలి. ప్రతి చప్పుడు కింద దాని షరతు రాసి ఉంటుంది. కొన్ని ఎవరైనా ఎట్లయినా వాడుకోవచ్చు, కొన్నిటికి రికార్డు చేసినవాళ్ల పేరు చెప్పాలి, కొన్ని వ్యాపారానికి వాడకూడదు. బీబీసీ వాళ్లు కూడా 2018లో తమ దగ్గరున్న పదహారు వేల పైచిలుకు చప్పుళ్లు ఇట్లాగే జనానికి తెరిచారు. ఇప్పుడవి ముప్పై వేలు దాటాయి. సొంతానికి, చదువుకు, పరిశోధనకు వాడుకోవచ్చు.

ఇంత పెద్ద లోకంలో మా గూన మీది వాన దొరకదా అనుకున్నాను.

వెతకడం వంటింటి పని లాంటిదే, ఏ డబ్బాలో ఏముందో పెట్టినవాళ్లకే తెలుస్తుంది. 'రెయిన్' అని కొడితే వేలల్లో వచ్చాయి. 'రెయిన్ రూఫ్' అంటే రేకుల మీద వాన, కారు మీద వాన, డేరా మీద వాన. 'టైల్' అని చేరిస్తే స్నానాల గది గచ్చు మీద చప్పుళ్లు. నేను బీఏ తెలుగు చదివినదాన్ని. ధ్వన్యనుకరణ పదాలని పరీక్షకు బట్టీపట్టినవాళ్లం. చిటపట, టపటప, జలజల, గలగల, బుడబుడ, మన భాషలో చప్పుడుకే పేరుంది. 'టపటప' అంటే చాలు, పెద్ద చినుకులు, గట్టి చోటు మీద, అప్పుడే మొదలైన వాన అని తెలిసిపోతుంది. కానీ ఆ గ్రంథాలయానికి చప్పుడు పేరు పనికిరాదు. ఏ వస్తువు, దేని మీద పడింది, ఎక్కడ పడింది, అట్లా అడగాలి, అదీ ఇంగ్లీషులో. పట్టుదలకు పోయి తెలుగులో 'చిటపట' అని కొట్టి కూడా చూశాను. ఏమీ రాలేదు.

అందులో ఒక ప్రపంచ పటం ఉంది. చప్పుడు ఎక్కడ రికార్డు చేశారో అక్కడ చుక్క పెడతారు. యూరప్ నిండా చుక్కలే చుక్కలు. మన దగ్గరికొచ్చేసరికి పలచబడిపోయాయి. మాకు తెలిసినవాళ్ల ఊరొకటి కనపడుతుందేమోనని చాలాసేపు జరుపుకుంటూ కూర్చున్నా.

సరే, దొరికినవాటిలో పది దించుకుని అత్తమ్మ దగ్గర కూర్చున్నాను. పెళ్లిచూపులే అనుకోండి.

మొదటిది పెట్టగానే, "ఏం ఏంచుతున్నవ్ బిడ్డా? నూనె ఎక్కువ కాగింది, మంట తగ్గియ్" అంది. నేనూ మా చిన్నోడూ నవ్వాపుకోలేకపోయాం. తర్వాత తెలిసింది, ఆమె అన్నది అంత వింతేమీ కాదు. వెనకటికి రేడియో నాటకాలకు చప్పుళ్లు చేసేవాళ్లు నూనెలో ఏదైనా వేయించి దాన్నే వాన అనిపించేవారట, కాగితం మీదో పళ్లెంలోనో గింజలు జార్చి కూడా.

రెండోది రేకుల మీది వాన. "గిది బడి వాన" అంది. మా ఊళ్లో పాత బడికి రేకులే ఉండేవి. మూడోదానికి "వాన మంచం కింద పడ్తుందా?" అని అడిగింది. స్పీకరు మంచం పక్కన స్టూలు మీద పెట్టాను మరి. వాన పైనుంచి రావాలి కదా! సజ్జ మీద పెట్టాం. నాలుగోది కొంచెం నచ్చింది, ఏ దేశంలోనో మట్టి పెంకుల మీద పడ్డ వాన. మూడు నిమిషాలు కళ్లు మూసుకుని విన్నది. మా చిన్నోడు దాన్ని మళ్లీ మళ్లీ వచ్చేట్టు పెట్టాడు. పావుగంట కాకముందే, "ఆ పిట్ట మళ్ల గట్లనే అరిచింది. దానికేమన్న పిచ్చిలేసిందా?" అంది. నేను మళ్లీ విన్నాను. నిజమే, వాన వెనక సన్నగా ఒక పిట్ట ఉంది. నా చెవికి అందలేదు.

ఇది ఆటలా సాగింది కొన్ని వారాలు. వానతో ఆగలేదు. ఇసుర్రాయి వెతికాం, రోలూ రోకలీ వెతికాం, ఎడ్లబండి వెతికాం. ప్రతిదానికీ ఆమె వంక పెట్టేది, వంక పెట్టడానికి హుషారుగా లేచి కూర్చునేది. అదే నాకు కావాల్సింది. పెళ్లయి ఇరవై మూడేళ్లయింది, మేమిద్దరం ఒకే పని మీద ఇంతసేపు పక్కపక్కన కూర్చున్నది అప్పుడే.

దీపావళి ముందు దండారి రోజుల్లో డోళ్లూ వెతికాను. మా మండలంలోని మార్లవాయి గురించి మీరు వినే ఉంటారు. గుస్సాడీ కనకరాజు గారి ఊరు, 2021లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2024 అక్టోబర్‌లో పోయారు. 1940లలో హైమెండార్ఫ్ దొర ఉన్నదీ ఆ ఊళ్లోనే. ఆయన తీసిన ఫొటోలు వేలకొద్దీ లండన్‌లోని సోయాస్ అనే విశ్వవిద్యాలయంలో ఉన్నాయి, నెట్‌లో చూడొచ్చు. మా చిన్నోడు అవి చూపించినప్పుడు నేను కళ్లప్పగించి చూశాను. పక్కనే కూర్చున్న అత్తమ్మకు ఏం చూపించను? గుమేల, పర్ర, పెప్రె, తుడుం అని ఒక్కొక్క పేరే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. నాకు దొరికినవి ఎవరెవరివో దేశాల డోళ్లు. ఇంతలో ఆమే చెయ్యెత్తి, "ఆపు. దండారోళ్లు వస్తున్నరు" అంది. నాకేమీ వినపడలేదు. పది నిమిషాలకు నెమలీకల టోపీలతో గుస్సాడీలు మా వీధి మలుపు తిరిగారు.

కార్తీకంలో ఒక రాత్రి జరిగిందే నేను చెప్పాలనుకున్నది.

ఆమెకు నిద్ర పట్టడం లేదని, పిట్ట లేని వాన ఒకటి వెతికి పెట్టుకున్నా. ముప్పై నిమిషాలుంది. ఆ పేజీలో 'మనసుకు విశ్రాంతి, నిద్రకు మంచిది' అని రాశారు. సజ్జ మీద స్పీకరు పెట్టి, సన్నగా మొదలుపెట్టి, లైటు తీసేసి వచ్చి పడుకున్నా. నేనే ముందు నిద్రపోయాను.

దబ్బున చప్పుడైతే లేచాను. అత్తమ్మ మంచం దిగి గోడ పట్టుకుంటూ తలుపు దాకా వచ్చి, స్టూలు తగిలి పడింది. మోకాలు చెక్కుకుపోయింది. "లేవుండ్రి! పత్తి తడుస్తుంది! బయటనే ఉంది పత్తి!" అని అరుస్తోంది, గొంతు వణుకుతోంది.

రెండు రోజుల క్రితం ఏరిన పత్తి వాకిట్లో కుప్ప పోసి ఉంది నిజమే. బయట మాత్రం చుక్కలు మెరుస్తున్నాయి. పైన సజ్జ మీద వాన పడుతూనే ఉంది. స్పీకరు ఆపి, "అది ఫోన్ వాన అత్తమ్మా, నేనే పెట్టిన" అని చెప్పడానికి నాకు ఎంత సిగ్గేసిందో.

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. మోకాలికి పసుపు పెడుతుంటే మెల్లగా అంది, "నాతోని గిట్ల ఆడకు బిడ్డా. వాన చప్పుడు ఇంటే వాన వడాలె."

ఆ గ్రంథాలయంలోని వాన నిద్రపుచ్చడానికి. ఆమె వాన లేపడానికి. ఇన్ని నెలలు వెతికి నేను ఈ తేడా గమనించలేదు. ఆమెకు కావాల్సింది చప్పుడు కాదు, కబురు. బయట ఏమవుతోందో ఎవరినీ అడక్కుండా తెలుసుకోవడం. మూడు గదులూ కరెంటూ టైల్సూ ఇచ్చి నేను తీసేసుకున్నది అది.

మర్నాడు ఫోన్‌లో వానలన్నీ తీసేశాను.

పాత గూన అమ్మితే ఎవరూ కొనలేదు, వెనక గోడకు ఆనించి పేర్చి పెట్టాం. అందులో బాగున్నవి రెండు వందలదాకా తేలాయి. మొన్న ఎండాకాలంలో అత్తమ్మ గదికి వెనకవైపు గోడ కొట్టించి కిటికీ పెట్టించాం. కిటికీ మీద చిన్న పంచలా వాసాలు దించి ఆ గూన పరిపించాం. మంచం కిటికీ కిందికి జరిపాం. మేస్త్రీ నవ్వాడు, స్లాబు ఇంటికి గూన చూరేందమ్మా అని. మా ఆయన ఏమీ అనలేదు గాని, కూలి డబ్బులిస్తూ నా వైపు ఒక చూపు చూశాడు. పదేళ్లు పోట్లాడి దింపించినదాన్ని కదా. కోతులు రెండో రోజే వచ్చి నాలుగు పెంకులు పగలగొట్టాయి.

ఈ మిరుగానికి వాన సరిగ్గా రాలేదు. మూడు రోజులు మబ్బు పట్టి పోయింది. నాలుగో రోజు మధ్యాహ్నం నేను వంటింట్లో పప్పు పోపు పెడుతున్నా. ఆవాలు చిటపటమంటున్నాయి. ఆ చప్పుడు మీదుగా నడిమి గదిలోంచి కేక.

"ఏమే! ఇనవడ్తలేదా? దండెం మీద బట్టలు తియ్!"

పొయ్యి కట్టేసి పరుగెత్తాను. ఇంకా నాలుగు చినుకులే పడ్డాయి, ఒక్క బట్ట కూడా తడవలేదు. బట్టలు తీస్తుంటే లోపలి నుంచి మళ్లీ, "కట్టెల మీద పట్టా!"