తట్టాబుట్టా

పాణ్యము రైలుస్టేషనులో గుంటూరు వైపు పోవు బండి కొఱకు మేము వేచియుండగా, మా వెంట వచ్చిన బాలిక తన యింగ్లీషు పాఠములోని ‘పుల్ అప్ స్టేక్స్’ అను పలుకుబడికి అర్థమేమని యడిగెను. పాతిన గుంజలను పెరికివేయుట యని మాటల యర్థము; ఉన్న చోటు విడిచి కాపురము మార్చుట యని భావము. ఆ గుంజలు గుడారపు మేకులని కొందఱును, అమెరికాకు వలసవచ్చినవారు తమ నేలకు హద్దుగా పాతుకొనినవని కొందఱును చెప్పుదురు. ఏదైనను అది నేలను జూచి పుట్టిన మాట.

మనకు మాత్రము ఇట్టి మాటలు కొదువయా? డేరా ఎత్తుట, మకాము మార్చుట, బిచాణా ఎత్తివేయుట యనునవి హిందూస్థానీ సంపర్కమున వచ్చినవి. డేరా యనగా గుడారము, మకాము అనగా బస, బిచాణా యనగా పఱపు. 1839లో కంపెనీవారు స్వాధీనపఱచుకొను వఱకు కర్నూలు నవాబుల యేలుబడిలో నుండెను. ఈ సీమకు అట్టి మాటలు వింత గావు. అచ్చముగా మన యింటివి వేఱు: తట్టాబుట్టా సర్దుకొనుట, మూటాముల్లె కట్టుకొనుట. సోదరీమణులారా, భేదము గమనించితిరా? గుంజ పెరుకునది తఱచుగా మగవాని చేయి. తట్ట సర్దునది ఆడుదాని చేయి.

ఇంతలో బండి వచ్చెను. ఆదోని ప్రాంతమునుండి గుంటూరు మిరపచేలకు కూలికి పోవు కుటుంబములు పెట్టెనిండ నుండెను. ఒక తల్లి మూటపై గూర్చుండి, ప్రక్కనున్న పదేండ్ల కూతురిని దగ్గఱకు జరుపుకొని మాకు చోటిచ్చెను.

“ఇల్లంతా ఈ మూటలోనే ఉందమ్మా,” అని యామె నవ్వెను.

మా బాలిక ఆ పిల్లను జూచి, “నీ పుస్తకాలేవీ?” అనెను. పిల్ల తల వంచుకొనెను.

“పొయ్యిరాళ్ల పక్కన ఆడనే ఉండాయి తల్లీ,” అని తల్లి బదులు చెప్పెను. ఆమె నవ్వు ఆగిపోయెను.

మా బాలిక మరల అర్థమడుగలేదు.

పంట ముగిసిన పిమ్మట ఆ తల్లి తిరిగి వచ్చి పొయ్యి రాజవేసికొనగలదు. విడిచిన చదువు అట్లు రాజుకొనదు. తల్లిదండ్రులు వలసపోయినను పిల్లలు ఊరనే చదువుకొనుటకు సర్కారువారు సీజనల్ హాస్టళ్లు పెట్టుట కలదు. ప్రక్కయింట మూట కట్టుచున్నప్పుడు ఈ సంగతి ఆ తల్లి చెవిని వేయుట, పిల్లకు మనయింట నొక రాత్రి పడుకయైన నిచ్చుట, మనకు భారము గాదు. మూటలో పట్టనిదానిని కాపాడుటయే యిరుగుపొరుగు.