పీకను ఎంచుకొనే వేళ

తెలుగున పీక అంటే కంఠం. సన్నాయికీ, నాదస్వరానికీ కొసన బిగించే రెల్లు నాలుకకు కూడా అదే పేరు. మొదటి కంఠం జన్మతో లభిస్తుంది. రెండవదానిని వాద్యకారుడు స్వయంగా ఎంచుకోవాలి.

నల్లగొండ సమీపాన పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. సూర్యుడు గమిస్తున్నా గర్భాలయంలోని లింగంపై ఒక ఛాయ పగలంతా నిలిచే ఉంటుంది. మండప స్తంభాల అమరికయే అందుకు కారణమంటారు. ఆ పరిసర గ్రామాల్లో దశాబ్దాలుగా దైవసేవలో నాదస్వరం పలికించిన ఒక వృద్ధుడు, కల్యాణోత్సవానికి ముందునాటి సాయంకాలం, ఇంటి అరుగుపై ఆరు పీకలు పరచుకొని కూర్చున్నాడు. పక్కన మనుమడు. చిన్ననాట తాత వద్ద నాదస్వరం అభ్యసించి, ఇప్పుడు పెండ్లి బ్యాండులో శాక్సోఫోన్ వాయిస్తున్నాడు.

పీకలు కావేరీ తీరపు తిరువావడుదురై నుండి తెప్పించినవి. అక్కడి పనివారు రెల్లును ఎండించి, పదును చేసి, చేతితో మలచి కడతారు. చేతిపని గనుక ఏ రెండూ ఒక తీరుగా ఉండవు. పైగా డెల్టా తేమలో రూపొందిన పీక ఈ మెట్టసీమ వేసవిగాలికి త్వరగా బిగుసుకుంటుంది.

వృద్ధుడు ఒక్కొక్క పీకను వెలుగుకు ఎత్తి, రెండు రేకుల మందం సమానమో కాదో చూశాడు. నోట తడిపి, ముందు పీకను మాత్రమే ఊదాడు. ఆపై వాద్యానికి బిగించి షడ్జమాన్ని నిలిపాడు. బిరుసు పీకకు నాదం ఘనం, అది దూరానికి వినబడుతుంది. కాని ఊపిరిని అమితంగా అడుగుతుంది. మెత్తని పీక సులభంగా పలుకుతుంది. దాని నాదం మండపం దాటదు. జీవితమంతా ఆయన బిరుసు పీకనే వాడాడు.

ఐదవది సరిగ్గా అటువంటిదే. షడ్జమం లేచింది, నడుమ తెగింది. మరల ప్రయత్నించాడు. మరల తెగింది. మనుమడు తల దించుకున్నాడు.

ఆరవది మెత్తనిది. స్వరం చిన్నదే, అయినా చివరిదాకా నిలిచింది.

వేదాంతశాస్త్రం అధికారభేదాన్ని బోధిస్తుంది. సాధకుని శక్తిని అనుసరించియే సాధన. ఉపవాసమైనా, జపసంఖ్య అయినా, ప్రాణాయామమైనా, నిన్నటి బలాన్ని తలచి నేడు పట్టుకుంటే అది సాధన కాజాలదు, అహంకారానికి ఆహారమవుతుంది. ప్రాణాన్ని ప్రేరేపించేది ఎవరన్న విచారణతోనే కేనోపనిషత్తు ఆరంభమవుతుంది. ఊపిరి తనది కాదని తెలిసినవానికి అది తగ్గినప్పుడు అవమానమెక్కడిది?

అయినా ఆ తెలివి క్షణంలో కలగదు. వృద్ధుడు చాలాసేపు మౌనంగా ఉన్నాడు. పిదప ఐదవ పీకను గుడ్డలో చుట్టి మనుమని చేతిలో పెట్టాడు.

“రేపు మాంగల్యధారణప్పుడు గట్టిమేళం నువ్వు పట్టాలె, బిడ్డా.”

“నాతోని అయితదా తాతా? ఇడిసిపెట్టి ఎన్నేండ్లాయె.”

“ఇడిసిపెట్టింది వాద్యాన్ని. ఊపిరిని కాదు గద.”

ఆ మాటలో సత్యముంది. శాక్సోఫోన్‌ను కర్ణాటక సంగీతానికి వశపరచి 2004లో పద్మశ్రీ పొందిన కద్రి గోపాల్‌నాథ్ కూడా నాదస్వర విద్వాంసుని పుత్రుడే. వాద్యం మారినా ఊపిరి వంశం నుండి వచ్చింది.

మరునాడు గట్టిమేళం వీధి చివరిదాకా వినబడింది. దాని అడుగున, మెత్తని పీకతో, ఒక షడ్జమం తెగకుండా నిలిచి ఉంది. పానగల్లు ఛాయ ఏ స్తంభానిదో చూపరులకు తెలియనట్లే, ఆ నాదంలో ఏది ఎవరిదో భక్తులెవరూ విచారించలేదు.

ఓం తత్ సత్.