గొట్టం కొలత

మదనపల్లెలో నేను బి.ఏ. చదువుతున్న రోజుల్లో మా తాత తుపాకి మూతి చీలింది. పుంగనూరు దారిలో మా పల్లె. చెనిక్కాయ చేలు గుట్టల అంచునే ఉంటాయి. కాయ ఊరే రోజుల్లో అడవిపందులు దిగితే తెల్లారేసరికి చేను దున్నిపెట్టినట్టుంటుంది. ఆ కాపలాకే తాతకు లైసెన్సు ఇచ్చారు. మూతిలో నల్లమందు పోసి, గుడ్డపీలిక కుక్కి, గజంతో దట్టించి పేల్చే నాటు తుపాకి అది. అది పందిని పడగొట్టగా నేను చూడలేదు. శబ్దమే దాని పని. ఎన్నికలొస్తే మాత్రం మా ఇంటిల్లిపాదిలోకీ ముందుగా అదే పోలీసు స్టేషనుకు పోయి కూచునేది.

చీలిక నాలుగు వేళ్ళ మేర ఉంది. ఊరి ఆచారి దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇంతవరకూ కోసేస్తే సరిపోతుంది పెద్దాయనా, ఇంకా రెండు మూరల గొట్టం మిగుల్తుంది" అన్నాడు.

చదువుకున్న మనవణ్ణి గదా, ఊరుకోలేకపోయాను. కళాశాల గ్రంథాలయం నుంచి ఆయుధాల చట్టం తెచ్చి చదివాను. 1959లో చేసిన ఆ చట్టం 13వ సెక్షన్‌లో, రక్షణకో వేటకో కావలసిన నున్నని గొట్టం తుపాకికి 20 అంగుళాలకు తగ్గని పొడవు ఉండాలంటుంది. పంట కాపలాకు నాటు తుపాకి చాలునంటుంది. అంతవరకూ బాగానే ఉంది. కాని 6వ సెక్షన్ అంగుళాల లెక్కే ఎత్తదు. లైసెన్సు లేకుండా గొట్టాన్ని పొట్టి చేయడమే నేరం. కోసిన తర్వాత రెండు మూరలు మిగిలిందా, రెండు జానలు మిగిలిందా అనే ప్రశ్న లేదు. ఇక 5వ సెక్షన్ ప్రకారం మరమ్మతు వృత్తికే లైసెన్సు కావాలి.

"ఆచారీ, ఇది నేరం" అన్నాను.

అతను రంపం కింద పెట్టాడు. "మడకకర్రు సాగగొట్టేదానికి ఇన్నాళ్ళూ ఎవుర్నీ అడగలేదే నాయినా!" అన్నాడు.

చాలా ఏళ్ళకు, నేనూ పాఠాలు చెప్పే రోజుల్లో, అమెరికా చట్టాలు తిరగవేశాను. అక్కడ 1934లో జాతీయ తుపాకుల చట్టం చేశారు. షాట్‌గన్ గొట్టం 18 అంగుళాలకు, రైఫిల్ గొట్టం 16 అంగుళాలకు తగ్గితే నమోదు తప్పనిసరి. దానిపై 200 డాలర్ల పన్ను. (రైఫిలుకూ మొదట 18 అంగుళాలే, 1960లో తగ్గించారు.) ఈ కొలత ఎక్కడిది? ముసాయిదాలో పిస్తోళ్ళు కూడా ఉండేవి. పెద్ద తుపాకిని కోసి పిస్తోలులా జేబులో వేసుకోకుండా ఈ అడ్డుకట్ట కట్టారు. తీరా తుపాకిదారుల సంఘాలు వ్యతిరేకించగా పిస్తోళ్ళను తొలగించారు. అడ్డుకట్ట మాత్రం మిగిలింది. తలుపు పీకేసి గొళ్ళెం ఉంచుకున్నట్టు! జేబులో పట్టే పిస్తోలుకు ఆ నమోదు లేదు, కోసిన పొడవాటి తుపాకికి ఉంది. 2026 జనవరి నుంచి ఆ పొట్టి తుపాకుల పన్ను కూడా సున్నా అయింది.

నన్ను నవ్వించింది మరొకటి. అక్కడి 1968 చట్టం పాతకాలపు నమూనా తుపాకులను, మూతిలో మందు దట్టించే వాటిని, తుపాకుల లెక్కలోంచే తీసేసింది. అంటే మా తాత తుపాకి అక్కడి కేంద్ర శాసనం కంటికి తుపాకే కాదు. ఆచారి హాయిగా కోసి ఉండేవాడు.

నవ్వు అక్కడితో ఆగింది. 2017లో లాస్ వేగాస్‌లో ఒక్కడు వందలాది తూటాలు కురిపించి పదుల మందిని చంపాడు. తుపాకి వెనుక కట్టుకు బదులు బంప్ స్టాక్ అనే పరికరం తగిలిస్తే అది మరతుపాకిలా పేలుతుంది. 2018లో దాన్ని నిషేధించారు. 2024 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు నిలిచి ఆ నిషేధాన్ని కొట్టివేసింది. మీట ఒక్కో తూటాకు విడిగానే కదులుతోంది గనుక అది మరతుపాకి కాదట!

ఇవన్నీ శాసనకర్తల తెలివితక్కువతనమని నేననుకోను. ఏ శాసనంలోనైనా ఎవరికి ఎవరంటే భయమో, ఎవరి మాట చెల్లిందో వెతికితే కనిపిస్తుంది. మన 1878 చట్టం భారతీయుణ్ణి లైసెన్సు అడుక్కోమని, ఐరోపావాడిని మినహాయించింది. కుప్పానికి పడమర, కన్నడ సీమ దాటి కొడగుకు పోతే, కొడవలకూ జమ్మా భూమి హక్కుదార్లకూ ఇప్పటికీ లైసెన్సు అక్కరలేదు. 2019లో ఆ మినహాయింపును 2029 దాకా పొడిగించారు. అదే ఏడాది సవరణతో గొట్టం పొట్టి చేసినవాడికి కనీస శిక్ష ఏడేళ్ళు, గరిష్ఠం యావజ్జీవం అయింది. ముఠా హంతకుడి రంపమూ ఆచారి రంపమూ ఒకే సెక్షన్ కింద!

పంట కాపలాకని తుపాకి ఇచ్చిన ప్రభుత్వమే, 1972 వన్యప్రాణి చట్టంతో అడవిపందిని అనుమతి లేకుండా చంపరాదంది. నేను అడవి జీవాలకు శత్రువును కాను. కాని చేను పోగొట్టుకున్న సన్నరైతు ఆ అనుమతి కోసం ఏ ఆఫీసు గుమ్మం పట్టుకోవాలి?

తాత తుపాకిని స్టేషనులో అప్పగించి వచ్చాడు. ఆ కారులో చేని చుట్టూ కరెంటు తీగ లాగాడు. అదీ నేరమే, అయితే తీగకు లైసెన్సు లేదు, ఏ అంగడిలోనైనా దొరుకుతుంది. మూడో రాత్రి మా కుక్క దానికి తగిలి చచ్చింది. తెల్లవారి తాత తీగంతా చుట్టి బావిలో పారేశాడు. ఆ తర్వాత మంచె మీద కూచుని డబ్బా కొట్టేవాడు. కుక్క చావును గురించి ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ బాటలో నీళ్ళు మలపడానికి రాత్రుళ్ళు కూలీలు నడుస్తారు.

మొన్న ఊరికి పోతే ఆచారి కనిపించాడు. కొలిమి ఆరిపోయి చాలా కాలమైంది. "ఆపొద్దు నువ్వు పుస్తకం తేకపోయుంటే కోసేసుందును నాయినా" అన్నాడు. అది కృతజ్ఞతో నిష్ఠూరమో అడగలేకపోయాను.