ఖైనీ ఒక్కటేనండీ!

"మావాడికి ఏ అలవాట్లూ లేవండీ, ఖైనీ ఒక్కటే." చల్లపల్లిలో నా ఓపీ గదిలో ఈ మాట వినపడని రోజు అరుదు. ఊళ్లో ఎవరి కుర్రాడో గంజాయితో పోలీసులకు దొరికాడంటే ఆ తల్లి వణికిపోతుంది. అదే తల్లి, చొక్కా ఉతికేటప్పుడు కొడుకు జేబులోంచి ఖైనీ పొట్లం తీసి, తడవకుండా గూట్లో పెడుతుంది. నాకు కోపం వచ్చేది అక్కడే.

ఏది నేరమో చట్టం చెబుతుంది. ఏది వదలదో మెదడు చెబుతుంది. ఈ రెండు జాబితాలూ ఒకటి కావు. అమెరికాలో చేసిన ఒక పెద్ద సర్వే ఫలితాలు 1994లో వచ్చాయి. పొగాకు ఒక్కసారైనా వాడి చూసినవాళ్లలో 32 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు దానికి బానిసలయ్యారు. హెరాయిన్‌కు 23 శాతం, కొకైన్‌కు 17, మద్యానికి 15, గంజాయికి 9. గంజాయిని వెనకేసుకొస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. చిన్న వయసులో మొదలుపెట్టినవాళ్లు దానికి ఇంకా ఎక్కువగా చిక్కుతారు, చదువు చెడుతుంది, కొందరికి మతి చలిస్తుంది. కానీ ఈ వరసలో పొగాకు హెరాయిన్ కంటే పైన ఉందంటే నమ్మినవాళ్లు నాకింకా తారసపడలేదు.

కిటుకంతా వేగంలో ఉంది. బానిసల్ని చేసే మత్తు పదార్థాలు దాదాపు అన్నీ మెదడులో డోపమైన్‌నే పెంచుతాయి. అది ఎంత చప్పున పెరిగితే "ఇది మళ్లీ కావాలి" అన్న పాఠం అంత గట్టిగా పడుతుంది. కోకా ఆకు నమిలితే కొద్దిపాటి హుషారు, అందులోంచి తీసిన కొకైన్‌ను పొగగా పీలిస్తే ఉచ్చు. సిగరెట్ పొగలోని నికోటిన్ పది, ఇరవై సెకన్లలో మెదడు చేరుతుంది. రెండు గంటల్లో నెత్తుట్లో సగం తగ్గిపోతుంది, మనసు మళ్లీ పెట్టె కేసి లాగుతుంది. రోజుకు ఇరవై సిగరెట్లు, ఒక్కోదానికి పది దమ్ములు లెక్కేసుకోండి. మెదడుకు రోజూ రెండు వందల సార్లు అదే పాఠం. గంజాయి మత్తు పదార్థం ఒంట్లో కొవ్వులో నిలవుండి మెల్లగా పోతుంది, అందుకే మానినప్పుడు ఆ లాగుడు అంత ఉధృతంగా ఉండదు.

ఖైనీలో పొగ లేదు కదా అంటారు. ఒక తాపీమేస్త్రి నా ఎదుటే చేసి చూపించాడు. అరచేతిలో ఆకు పోసి, సున్నం రాసి, బొటనవేలితో నలిపి, రెండు చరుపులు చరిచి దుమ్ము ఊది, కింది పెదవిలో దోపాడు. సున్నం ఘాటు కోసమని అతని నమ్మకం. సున్నం కలిస్తేనే నికోటిన్ నోటి పొరను సులువుగా దాటి నెత్తుట్లో దిగుతుంది. పెదవి మడత తీసి చూస్తే తెల్లమచ్చ. నికోటిన్ బిళ్లలు రాశాను, ముక్క పరీక్షకు విజయవాడ పంపాను. రెండు వారాలకే బిళ్లలు ఆపేశాడు. "ఒంటికి వేడి చేస్తున్నాయండీ" అన్నాడు. ఎంత మంచి పనివాడో, పిల్లలంటే ఎంత ప్రాణమో! గట్టిగా కేకలేశాను, మళ్లీ రాశాను.

మద్యం పట్టు వేరు. అది మానిన తర్వాత కూడా కాటేస్తుంది. మా వైపు అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టనివాళ్లు ఎందరో. "చూశారా, మనసుంటే మానగలడు" అంటారు ఇంట్లోవాళ్లు. మనసు ఉంది, నిజమే. దాంతోపాటు చోటు మారింది, జట్టు మారింది, పిలిచే పేరే స్వామి అయింది. వియత్నాంలో హెరాయిన్‌కు అలవాటుపడ్డ అమెరికా సైనికుల్లో ఎక్కువమంది ఇంటికొచ్చాక మళ్లీ బానిసలు కాలేదు, అదీ ఇందుకే. మాల తీశాక మనవాడు తిరిగి వెళ్లేది ఆ పాత జట్టులోకే.

రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల్లో సంధి ప్రేలాపన మొదలుకావచ్చు. గోడ మీద పాములు పాకుతున్నాయని కేకలు పెడుతున్న ఒక కూలీని తాగుడు ఆపిన మూడో రాత్రి తెచ్చారు. చేతికి కొత్త తాయెత్తు, ఒళ్లంతా సెగ. గాలి సోకిందని రెండు పగళ్లు అక్కడా ఇక్కడా తిప్పారట. సూదిమందులు, థయామిన్, సెలైన్ అన్నీ ఎక్కించాం. తెల్లారేసరికి పోయాడు. మానేద్దామనుకున్న మనిషి పోయాడు! తొలిరోజే వస్తే చాలావరకు మాత్రలతో గట్టెక్కే జబ్బు అది.

రోజూ తాగేవాళ్లు మాల వేసుకునే ముందు ఒక్కసారి డాక్టరుకు చూపించుకోండి. మానడానికి ముందే రండి. పొగాకు మానాలంటే 1800 11 2356కి, మనసు కుదుట లేకపోతే 14416కి ఫోన్ చేయండి, రెండూ ఉచితమే. అమ్మా, ఆ పొట్లం మాత్రం ఇక గూట్లో దాచిపెట్టకండి.