కొప్పులు ఇమడక కాదు

రెండు కొప్పులు ఒకచోట ఇమడవని మనవాళ్లు ఒక సామెత చేసి పెట్టారు. చేసినవారికి కొప్పు ఉండి ఉండదని మా అనుమానం. ఆడవాళ్లు కలిసి ఏ పని మొదలుపెట్టినా, అది ఏనాడు ఆగిపోయినా, కారణం వెతికే శ్రమ లేకుండా ఈ సామెత అందుబాటులో ఉంటుంది. మా నలుగురి ఆడపిల్లలు మస్కట్‌లో మూడేళ్లు కలిసి పాడి, ఆ పాట ఆగిపోయినప్పుడు కూడా మన పెద్దలు కొందరు నవ్వుతూ ఇదే మాట అన్నారు. ఆ పిల్లల తల్లులం మేము. ఇద్దరం రూవీలో, ఒకరం అల్ ఖువైర్‌లో, ఒకరం హైదరాబాదులో ఉండి, ఫోనులో ఒకరి వాక్యం ఒకరు దిద్దుకుంటూ ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాం. మా నాలుగు కొప్పులూ ఇరవై ఏళ్లకు పైగా ఇమిడే ఉన్నాయని ముందుగా మనవి.

పాడే ఆడపిల్లల బృందాలు ఎందుకు పుడతాయి, ఎందుకు విడిపోతాయి అన్నది మాకు కొత్త ప్రశ్న కాదు. 2002లో మేము కొత్త కాపురాలకు ఈ దేశం వచ్చాం. మగవాళ్లు ఆఫీసులకు పోయాక మాకు తోడు టీవీయే. ఆ ఏడాది చానెల్ వీ వారు 'పాప్‌స్టార్స్' అనే కార్యక్రమం వేశారు. పాడే అమ్మాయిలను వడపోసి, చివరికి ఐదుగురిని ఏరి, 'వివా' అని పేరు పెట్టి, ఆల్బం చేయించారు. సీమా రామ్‌చందానీ, ప్రతీచీ మహాపాత్ర, నేహా భసీన్, మహువా కామత్, అనూష్కా మన్‌చందా ఆ ఐదుగురు. వారిలో నేహా, అనూష్కా అప్పటికి ఇరవై నిండనివారు. సీరియల్లో కథలాగా వారం వారం ఎవరు నిలుస్తారు, ఎవరు ఇంటికి పోతారు అని చూస్తూ పొయ్యి మీద వేపుడు మాడబెట్టిన రోజులు మాకు గుర్తున్నాయి. మన దేశంలో ఆడపిల్లలే ఒక జట్టుగా నిలబడి, సినిమా ఊసు లేకుండా పాడితే దేశమంతా చూడటం మాకు అబ్బురంగా ఉండేది.

ఆ అబ్బురం ఎక్కువ కాలం నిలవలేదు. రెండో ఆల్బం నాటికి మహువా లేదు, నలుగురే మిగిలారు. ఆ తరువాత కొద్ది కాలానికే ఆ నలుగురూ ఎవరి దారి వారు చూసుకున్నారు. నేహా భసీన్ సినిమా పాటకు వచ్చింది. 'ఊసరవెల్లి' (2011) సినిమాలో నీహారిక పాటలో వినిపించే ఆడగొంతు ఆమెదే. మన పిల్లలకు ఆ పాట తెలుసుగాని, ఆ గొంతు ఒకప్పుడు ఐదు గొంతుల్లో ఒకటని తెలియదు.

అప్పట్లో మేమూ "పడి ఉండదులే, ఐదుగురు గదా" అనుకుని ఊరుకున్నాం. తరువాత తెలిసిన సంగతులు చూస్తే కొప్పుల కన్నా పెద్ద కారణాలు కనిపిస్తాయి. ఈ 'పాప్‌స్టార్స్' పద్ధతి పుట్టింది న్యూజీలాండ్‌లో, 1999లో. అక్కడ ఏరిన ఐదుగురు అమ్మాయిల బృందం పేరు ట్రూబ్లిస్. వారి మొదటి పాట ఆ దేశంలో మొదటి స్థానానికి ఎక్కింది, బృందం మాత్రం ఎంతో కాలం సాగలేదు. ఆస్ట్రేలియాలో అదే పద్ధతిలో తయారైన బార్డో 2002లో విడిపోయింది. దేశాలు వేరు, పిల్లలు వేరు, ఫలితం ఒకటే. ఎందుకంటే ఆ కార్యక్రమంలో రక్తి కట్టేది ఏరడం. ఏరడం అయిపోయిన నాడు టీవీ వారి కథ అయిపోతుంది. పిల్లల కథ అక్కడే మొదలు కావాలి, కాని అప్పటికి దీపాలు ఆర్పేసి ఉంటారు. మన దగ్గర ఇంకొక చిక్కు కూడా ఉంది. పాట అంటే సినిమా పాటే. విడి ఆల్బమ్‌ల బేరం అప్పటికే తగ్గుముఖం పట్టింది. సినిమాకు ఒక గొంతు కావాలి గాని, ఐదు గొంతుల జట్టుతో పనేముంది?

ఇక మన తెలుగు కొప్పుల సంగతి. వింజమూరి సోదరీమణులు అనసూయాదేవి, సీతాదేవి పేర్లు మన ఇళ్లలో పెద్దవారికి చెప్పనక్కర లేదు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారికి మేనకోడళ్లు. చిన్నతనం నుంచీ కలిసి పాడారు. పల్లె పాటను సభావేదిక మీదికి తెచ్చి, పెద్దమనుషుల చేత కూర్చోబెట్టి వినిపించిన ఘనత వారిది. పెళ్లిళ్లయినా, ఊళ్లు వేరైనా, అనసూయగారు అమెరికా వెళ్లి స్థిరపడినా, "సీత – అనసూయ" అని ఒక ఊపిరిలో పలకడం మనవాళ్లు మానలేదు. అనసూయగారు 2019లో హ్యూస్టన్‌లో, తొంభై ఎనిమిదేళ్ల వయసులో కన్నుమూశారు. వారు పాడి ఊరుకోలేదు. పాటలు సేకరించారు, స్వరపరిచారు, పుస్తకాలు వేశారు. మనుషులు దూరమైనా పాట చెదరకుండా ఉండే ఏర్పాటు చేసుకున్నారన్నమాట. అక్కచెల్లెళ్లు గనుక సాగిందని కొందరనవచ్చు. అక్కచెల్లెళ్ల కొప్పులు మాత్రం కొప్పులు కావా?

మా పిల్లల దగ్గరికి వద్దాం. 2015 ఉగాదికి ఏదో ఒక పాట పాడించాలని ఎనిమిదో తరగతి పిల్లలు నలుగురిని కూర్చోబెట్టాం. ఒకతె కీబోర్డు, ఒకతె గిటారు, ఇద్దరు గాత్రం. పల్లె పాట ఒకటి తీసుకుని, దానికి గిటారు కట్టి, మధ్యలో వాళ్లకు తోచిన ఇంగ్లీషు దరువు ఏదో కలిపారు. మేము భయపడ్డాం గాని హాలు లేచి చప్పట్లు కొట్టింది. ఆ తరువాత దీపావళికి అడిగారు, సంక్రాంతికి అడిగారు. సోహార్ తెలుగువారు పిలిస్తే రెండు కార్లలో రెండు వందల కిలోమీటర్లు పైగా పోయి పాడి, అర్ధరాత్రి పులిహోర తింటూ తిరిగి వచ్చాం. బృందానికి పేరంటూ పెట్టుకోలేదు. అందరూ "రూవీ పిల్లలు" అనేవారు, అల్ ఖువైర్ పిల్ల మూతి ముడుచుకునేది.

కొట్లాడుకోలేదా అంటే, నిక్షేపంగా కొట్లాడుకున్నారు. మొదటి చరణం ఎవరిదన్న దాని మీద పది రోజులు మాటలు లేవు. పదకొండో రోజున ఒకతె సమోసాల పొట్లంతో వచ్చింది, తగవు తీరింది. కొట్లాట వల్ల విడిపోవలసి వస్తే ఆ రోజే విడిపోవాలి.

విడిపోయింది 2018లో. ఆ ఏడాది జనవరిలో ఒమన్ ప్రభుత్వం ఎనభై ఏడు రకాల ఉద్యోగాలకు విదేశీయులకు కొత్త వీసాలు ఆరు నెలలపాటు ఆపింది, ఆపైన పొడిగించింది. సొంత పిల్లలకు ఉద్యోగాలు చూపాలని ఏ దేశమైనా అనుకుంటుంది, తప్పు పట్టవలసిందేమీ లేదు. కాని మాలో ఒకరి భర్తకు కాంట్రాక్టు ముగిసింది. ఇంకొక కంపెనీలో చేరాలంటే పాత యజమాని నిరభ్యంతర పత్రం కావలసిన రోజులవి. ఆ నిబంధన 2021 జనవరి నుంచి ఎత్తేశారు, మాకది మూడేళ్లు ఆలస్యం. పదో తరగతి పరీక్ష అయిన వారానికి కీబోర్డు పిల్ల ఇల్లు సర్దుకుని హైదరాబాదు విమానం ఎక్కింది. జూన్‌లో గిటారు పిల్ల ఇంటర్మీడియెట్ చదువుకని విజయవాడ హాస్టలుకు వెళ్లింది. మిగిలిన ఇద్దరూ ఆ దీపావళికి ఒకసారి పాడారు. వెనుక రికార్డు చేసిన సంగీతం పెట్టుకున్నారు. ఇంటికి వచ్చి, ఇక అడగవద్దన్నారు.

వీసా, ఇంటర్మీడియెట్ సీటు, విమానం టిక్కెట్టు. ఇందులో కొప్పు ఎక్కడుంది?

ఈ మధ్య మాలో ఒకరి అమ్మాయి ఫోనులో అన్న మాట మమ్మల్ని ఈ వ్యాసానికి కూర్చోబెట్టింది. "విడిపోయినందుకు కాదమ్మా బాధ. ఆ సంక్రాంతికి పాడినప్పుడు అదే ఆఖరిదని మాకెవరికీ తెలియదు. తెలిస్తే ఇంకాస్త బాగా పాడేవాళ్లం." ఉద్యోగం పోతుందేమోనన్న మాట పెద్దవాళ్లం పిల్లల చెవిన వేయం గదా. గల్ఫ్ ఇళ్లలో అది ఆనవాయితీ.

జపాన్‌లో మోర్నింగ్ ముసుమే అని ఒక ఆడపిల్లల బృందం ఉంది. అదీ టీవీ పోటీలోనే పుట్టింది, 1997లో. పోటీలో ఓడిపోయిన ఐదుగురిని చేర్చి, ఐదు రోజుల్లో యాభై వేల రికార్డులు స్వయంగా అమ్మితే అవకాశమిస్తామన్నారు. అమ్మి చూపించారు. ఇంతవరకు వివా కథే. కాని ఆ బృందం ఇప్పటికీ నడుస్తోంది. మొదటి ఐదుగురిలో ఒక్కరూ లేరు. కొత్త పిల్లలు చేరుతుంటారు, పెద్దవాళ్లు వెళుతుంటారు. వెళ్లడాన్ని అక్కడ విడిపోవడం అనరు, పట్టభద్రులు కావడం అంటారు. ముందుగా చెబుతారు, అభిమానుల ఎదుట ఆఖరి కచేరీ చేసి సాగనంపుతారు.

మనమున్న దేశంలోనే చూడండి. రాయల్ ఒమన్ సింఫనీ ఆర్కెస్ట్రాను 1985లో స్థాపించారు. ఒమానీ అబ్బాయిలతో పాటు అమ్మాయిలకూ వయొలిన్లు చేతికిచ్చి నేర్పించారు. అప్పుడు చేరినవారే ఇప్పటికీ వాయించాలని లేదు. నేర్పే ఏర్పాటు నిలిచింది గనుక వాద్యబృందం నిలిచింది.

మాలో ఒకరికి ఈ పోలిక నచ్చలేదు. "ఎవరు పోయినా ఇంకొకరితో పూడ్చేది స్నేహం ఎలా అవుతుంది? మన పిల్లలు పాడింది స్నేహం కొద్దీ" అని ఆమె వాదన. ఆ మాటలో నిజం ఉంది. కీబోర్డు పిల్ల జాగాలో ఇంకొకరు కూర్చుంటే అది ఆ బృందం కాదు. కాని ఎవరు ఎప్పుడు వెళతారో తెలియని ఊరు మనది. ఇక్కడ జట్టును నలుగురు పిల్లల మీదనే నిలబెడితే, ఒక వీసా రద్దుతో నాలుగు పాటలు ఆగుతాయి.

అంచేత మన సంఘం ముందు మూడు కోరికలు ఉంచుతున్నాం. పాడే జట్టులో పెద్ద పిల్లలతో పాటు ఎప్పుడూ ఇద్దరు చిన్నవారు ఉండాలి. పిల్లలు కట్టుకున్న బాణీలు, దరువులు ఒక నోటు పుస్తకంలోకి ఎక్కాలి, ఆ పుస్తకం ఏ ఇంట్లోనూ కాక సంఘంలో ఉండాలి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఎవరి కుటుంబమైనా వెళ్లిపోతుందని తెలిసిన నాడు, సామాను కట్టకముందే పిల్లలకు చెప్పి, ఆ పిల్ల చేత ఆఖరి పాట పాడించి పంపుదాం.

అల్ ఖువైర్ పిల్ల చెల్లెలు ఇప్పుడు ఎనిమిదో తరగతి. గిటారు నేర్చుకుంటోంది. జట్టుకు ఇంకా ముగ్గురు కావాలి. ఆసక్తి ఉన్న తల్లిదండ్రులు సంఘం కార్యదర్శిగారికి పేర్లివ్వగలరు.