ఖాలాజాన్ సంచీ

2017 ఆగస్టు 22. ఒకే విడతలో మూడుసార్లు చెప్పే తలాఖ్ చెల్లదని సుప్రీంకోర్టు ఫైసలా ఇచ్చిన రోజు. ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఇంకోవైపు. రాత్రి పదిన్నరైంది. డెస్క్‌లో నా పేజీ వదిలే టైమ్ దాటిపోతోంది. వార్త పక్కన ఒక తస్వీర్ కావాలి. ఆఫీసు ఫొటోల ఖజానాలో 'ముస్లిం మహిళ' అని కొట్టాను. వరసగా బుర్ఖాలే వచ్చాయి. లాడ్ బజార్‌లో గాజుల దుకాణం ముందు, వెనక నుంచి తీసిన ఇద్దరు ఔరతుల బొమ్మ బాగుందనిపించింది. పెట్టేశాను. కింద 'తలాఖ్ బాధితులకు ఊరట' అని రాసింది కూడా నేనే.

మర్నాడు పొద్దున్నే ఖాలూ ఫోన్. పెద్దగా నవ్వుతున్నారు. "అరే బేటా, మై కబ్ దియా రే తేరీ ఖాలాకు తలాఖ్?"

అర్థం కాక పేపర్ తెరిచాను. ఎడమవైపు ఔరత్ భుజానికి ఆకుపచ్చ సంచీ, దాని మీద పసుపు దారంతో మూడు పువ్వులు. మా ఖాలాజాన్ తన చేత్తో కుట్టుకున్న సంచీ అది. ఈద్ గాజులు కొనడానికి వెళ్లినప్పుడు ఎవరో తీసిన తస్వీర్. ముఖం కనపడకపోయినా మొహల్లా అంతా సంచీని గుర్తుపట్టింది. మధ్యాహ్నానికి ఖాలూ నవ్వు ఆగిపోయింది. రిష్తేదార్లు ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేసి, "సబ్ ఖైరియత్ హై నా?" అని గొంతు తగ్గించి అడుగుతున్నారట. పైగా ఇంట్లో షాదీకి ఎదిగిన బేటీ ఉంది.

సాయంత్రం వెళ్లాను. ఖాలాజాన్ ఇరవై తొమ్మిదేళ్లు సర్కారీ ఉర్దూ మీడియం స్కూల్లో లెక్కలు చెప్పింది. నాకు ఎక్కాలు నేర్పింది ఆమే. లెక్క తప్పు చేసిన పిల్లాణ్ణి చూసినట్టు చూసింది.

"బుర్ఖా నాది బేటా. నా ఇష్టంతో తొడుక్కున్నా. దానికి నాకు శరమ్ లేదు. ఆ కేసు వేసినవాళ్లకు పేర్లు లేవా? వాళ్ల తస్వీర్లు దొరకలేదా? నన్నెందుకు పెట్టావు?"

పేర్లున్నాయి. షాయరా బానో, ఇష్రత్ జహాన్, గుల్షన్ పర్వీన్, ఆఫ్రీన్ రెహ్మాన్, అతియా సాబ్రీ. సుప్రీంకోర్టు దాకా వెళ్లి కొట్లాడిన ఔరతులు. వాళ్లను 'బాధితులు' అనే ఒక్క మాటలో మూటగట్టి, దానికి మా ఖాలా వీపు అతికించాను.

సవరణ వేద్దామని ఆఫీసులో అడిగాను. "ముఖం కనపడలేదు కదా, ఎవరికి తెలుస్తుంది?" అన్నారు. వేయలేదు. ముఖం కనపడని ఔరత్‌కు ఏ కథైనా అంటించొచ్చు. ఒకరోజు తలాఖ్, ఒకరోజు గరీబీ, ఎన్నికలప్పుడు ఓటు బ్యాంకు. ఆమె లెక్కల టీచరని మాత్రం ఎవరూ రాయరు.

ఇదంతా అఖ్బార్‌ల గునా అని ఇక్కడే ఆపేస్తే నాకు హాయిగా ఉండేది.

మూడు నెలలకు ఖాలా బేటీకి రిష్తా కుదిరింది. షాదీ రుఖా ప్రూఫ్ చూడమని నా చేతికిచ్చారు. దూల్హా పేరు బంగారు రంగులో, చదువుతో సహా ఉంది. దుల్హన్ పేరు ఉండాల్సిన చోట 'దుఖ్తర్-ఎ-నేక్ అఖ్తర్'. అదృష్టవంతురాలైన కూతురు, అంతే. ఇలాంటి రుఖాలు వందలు చదివాను. నా షాదీ రుఖా కూడా ఇలాంటిదే. ఎప్పుడూ కంటికి తగల్లేదు. ఆ రోజు తగిలింది. నా పేజీలో తల్లికి ముఖం లేదు, మా రుఖాలో కూతురికి పేరు లేదు.

ఖాలాజాన్‌కు చూపించాను. "రివాజ్ బేటా" అంది. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. చివరికి బేటీని పిలిచి, "నీ పేరు వేయించనా?" అని అడిగింది.

"వేయించండి అమ్మీ. షాదీ నాదే కదా" అంది పిల్ల.

ఖాలూ వాళ్ల పెద్దన్న ఒప్పుకోలేదు. ఇంటి ఆడపిల్ల పేరు గైర్ మర్దుల చేతుల్లో తిరిగితే ఇజ్జత్ ఏముంటుందన్నారు.

ఖాలాజాన్ దుపట్టా సర్దుకుని మెల్లగా చెప్పింది. "భాయ్‌సాబ్, హజ్రత్ ఆయిషా నుంచి రెండు వేలకు పైగా హదీసులు మనకు అందాయి, ఆమె పేరుతోనే. ఖురాన్‌లో ఒక సూరా పేరే మర్యమ్. నా వీపు షహర్ అంతా చూసింది. నా బేటీ పేరు చూస్తే ఏమవుతుంది?"

రుఖాలో పేరు వచ్చింది.

రివాజ్ మారదని కాదు. ఉర్దూలో తొలి నవలా రచయిత్రి రషీదున్నిసా. పాట్నా ఆమెది. 1894లో 'ఇస్లాహున్నిసా' అచ్చయినప్పుడు దాని మీద ఆమె పేరు లేదు, ఫలానా బారిస్టర్ గారి వాలిదా అని వేశారు. నాలుగేళ్లకే లాహోర్‌లో మొదలైన 'తహ్జీబె నిస్వాన్'కు ముహమ్మదీ బేగం ఎడిటర్ అయ్యారు. మన హైదరాబాద్‌లో సుగ్రా హుమాయూన్ మీర్జా 'అన్నిసా' రిసాలా నడిపారు. నేను ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, అఖ్బార్‌లో పనిచేస్తూ కూడా వాళ్ల కంటే వెనకే ఉన్నాను.

ఇప్పుడు డెస్క్‌లో నాకొక ఉసూల్ ఉంది. ఆమె ఎవరో, అడిగి తీశారో లేదో తెలియని తస్వీర్ పెట్టను. ఏదీ దొరక్కపోతే కోర్టు భవనం బొమ్మ పెడతాను.

ఇది రాయడానికి ఖాలాజాన్ ఇజాజత్ అడిగాను. "రాయి. నా పేరు మాత్రం వద్దు, ఒకసారి అఖ్బార్‌కెక్కింది చాలు" అంది. అందుకే రాయలేదు.

"సంచీ సంగతి రాయొచ్చా?" అన్నాను.

"రాసుకో. ఆ రోజు నుంచి దాన్ని బయటికి తీయడం లేదుగా" అంది.