ఖడ్గమృగానికి కళ్లగంతలు

మా తమ్ముడు లెస్టర్ నుంచి ఫోన్ చేసి ముందు అడిగింది డబ్బు సంగతే. "ఎదురు డబ్బు కట్టి చాకిరీ చేయడమేమిటక్కా? మనవాళ్లెవరైనా వింటే నవ్విపోతారు."

వాడి కూతురు ఇంగ్లండులో వెటర్నరీ నాలుగో ఏడు చదువుతోంది. అక్కడ చదువు పూర్తయ్యేలోగా కాలేజీ బయట వారాల తరబడి పని నేర్చుకోవాలి. చాలాకాలం ఆ లెక్క మొత్తం 38 వారాలు, ఈమధ్య కాస్త తగ్గించారు. ఆవుల కొట్టాలు, గొర్రెల దొడ్లు, కుక్కలూ పిల్లులూ వచ్చే ఆస్పత్రులు అందరూ తిరిగేవే. మా పిల్ల అందులో రెండు వారాలు దక్షిణాఫ్రికాలో అడవి జంతువుల మధ్య గడుపుతానంది. విమానం టికెట్టు కాక రెండు వేల పౌండ్ల పైచిలుకు. మేముండేది ప్రిటోరియా పక్కనే కాబట్టి, ఆ ఏర్పాటు మంచిదో కాదో వాకబు చేసే పని నా నెత్తిన పడింది.

పిల్ల మొదట పంపిన బ్రోచరు అట్ట మీద ఓ తెల్లమ్మాయి సింహం కూనకు సీసాతో పాలు పడుతోంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ ఈ దేశంలో కొన్నేళ్లున్న వాళ్లకు ఆ ఫొటో చూస్తే ఒళ్లు మండుతుంది. ఇక్కడ వేల సింహాలు కంచెల మధ్యే పుట్టి కంచెల మధ్యే పెరుగుతున్నాయి. పుట్టిన కొద్ది రోజులకే కూనను తల్లి నుంచి వేరుచేసి, "తల్లి లేని బిడ్డ" అని చెప్పి, పాలు పట్టడానికి వచ్చిన వాలంటీర్ల దగ్గర డబ్బు గుంజే చోట్లు చాలానే ఉండేవి. మనిషి చేతిలో పెరిగిన ఆ సింహం ఏనాటికీ అడవికి పోలేదు. పెద్దయ్యాక వేటగాడి తుపాకీ ముందుకో, ఎముకల వ్యాపారానికో పోయేది. 2015లో వచ్చిన 'బ్లడ్ లయన్స్' డాక్యుమెంటరీ ఈ బాగోతాన్ని బయటపెట్టింది. 2021లో ప్రభుత్వం ఈ పెంపకానికి స్వస్తి చెప్పే దిశగా నడుస్తామని ప్రకటించింది. ప్రకటించినంత వేగంగా నడవలేదనుకోండి. "కూనల్ని ఒళ్లో కూచోబెట్టే చోటికి వెళ్లావో, మా ఇంటికి రాకు" అన్నాను. పిల్ల నొచ్చుకుంది కానీ వింది.

చివరికి కుదిరింది వాటర్‌బర్గ్ కొండల వైపు పనిచేసే వన్యప్రాణుల డాక్టరు దగ్గర. ఇంగ్లండువాళ్లకు వేసవి సెలవులంటే మాకిక్కడ చలికాలం. పెద్ద జంతువులకు మత్తిచ్చే పనులన్నీ చలికాలపు ఉదయాల్లోనే పెట్టుకుంటారు, ఎండ ముదిరితే మత్తులో ఉన్న జంతువు ఒంటి వేడి ప్రాణం మీదికి తెస్తుంది. ఒకరోజు నన్నూ రానిచ్చారు. షరతులు రెండే: చెప్పిన చోట నిలబడాలి, నోరు మెదపకూడదు. రెండోది మావైపు ఆడవాళ్లకు కొంచెం కష్టమే.

ఆ రోజు పని, వేటగాళ్ల కన్ను పడకుండా ఓ ఆడ ఖడ్గమృగానికి కొమ్ము కత్తిరించడం. డాక్టరు హెలికాప్టర్‌లోంచి మత్తు సూది కొట్టాడు. మందు ఎటార్ఫిన్, ఇక్కడివాళ్లు ఎం99 అంటారు. రెండు టన్నుల జంతువును పడగొట్టడానికి నాలుగైదు మిల్లీగ్రాములు చాలు. మనిషి ఒంట్లోకి పొరపాటున పోతే ప్రాణం తీసేది కూడా అదే, అందుకే విరుగుడు దగ్గరే పెట్టుకుంటారు, ఆ సీసా ఛాయలకు విద్యార్థులను రానివ్వరు. 1960లలో వన్యప్రాణి సంరక్షకుడు ఇయాన్ ప్లేయర్ బృందం ఇక్కడి ఉంఫొలోజీ అభయారణ్యం నుంచి తెల్ల ఖడ్గమృగాలను వేరే చోట్లకు తరలించి ఆ జాతిని నిలబెట్టగలిగిందంటే, ఈ మందు చేతికి రావడం వల్లే.

కొన్ని నిమిషాలకు అది కాళ్లు ఎత్తెత్తి వేస్తూ, తూలుతూ, చెట్ల పొద దగ్గర ఆగింది. మనుషులు పరుగెత్తారు. కళ్లకు గంతలు కట్టారు, చెవుల్లో గుడ్డలు కుక్కారు. ఒకతను కొమ్ము మీద గీత గీశాడు. గీతకు దిగువన కోస్తే జీవమున్న భాగం తెగుతుంది. చైన్‌సా మొదలవగానే కమురు వాసన. కొమ్మంటే మన గోరు లాంటి పదార్థమే, నొప్పి తెలియదు. తెల్లటి పొట్టు కొబ్బరి కోరులా టార్పాలిన్ మీద రాలితే, చిటికెడు కూడా వదలకుండా ఎత్తి సంచిలో కట్టారు. కొమ్ములు ఆ సాయంత్రంలోగా ఎక్కడికో భద్రమైన చోటికి వెళ్లిపోతాయి. ఎక్కడికని అడగకూడదు.

ఇంత హడావిడిలో మా పిల్ల చేసిందేమిటి? ముక్కు ముందు అరచెయ్యి పెట్టి కూర్చుని, ఊపిరి తగిలినప్పుడల్లా "బ్రీత్" అని అరిచింది. అంతే. ఇంకో కుర్రాడు చెవి నరంలోంచి డీఎన్‌ఏ పరీక్షకు రక్తం తీశాడు. ఓండర్‌స్టెపోర్ట్ పశువైద్య కాలేజీ ప్రయోగశాల ఖడ్గమృగాల డీఎన్‌ఏ వివరాలన్నీ భద్రపరుస్తుంది, దొంగ కొమ్ము దొరికితే ఏ జంతువుదో తేలిపోతుంది. ఊపిరి లెక్క చిన్న పనేం కాదు. ఈ మందుతో తెల్ల ఖడ్గమృగాలకు ఊపిరి మందగించి రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. ఒకసారి పిల్ల గొంతు ఆగింది. డాక్టరు చేతిలో పని వదిలి తలెత్తాడు. మళ్లీ "బ్రీత్" వినబడ్డాకే చైన్‌సా కదిలింది. విరుగుడు సూది వేసి అందరం జీపులెక్కామో లేదో, అది లేచి నిలబడి, విసురుగా అడవిలోకి వెళ్లిపోయింది.

తిరుగుదారిలో డాక్టరును అడిగాను, ఈ పిల్లలు రాకపోయినా ఈ జంతువుకు ఈ రోజు సూది పడేదా అని. కోపం తెచ్చుకోకుండా రిజిస్టరు చూపించాడు. కొమ్ము మళ్లీ పెరుగుతుంది కాబట్టి ఏడాదిన్నర, రెండేళ్లకోసారి కొయ్యక తప్పదు, దీని గడువు ముందే రాసిపెట్టి ఉంది. పిల్లల ఫీజులో కొంత హెలికాప్టర్ ఖర్చుకు పోతుందనీ దాచలేదు. 2014లో ఈ దేశంలో కొమ్ము కోసం వేటగాళ్లు చంపిన ఖడ్గమృగాలు 1,215, 2024లో 420. క్రూగర్ నేషనల్ పార్కు చుట్టుపక్కల కొమ్ములు కోసిన చోట వేట 78 శాతం తగ్గిందని 2025లో ఒక అధ్యయనం వచ్చింది. మిగిలిన మొద్దు కోసం కూడా చంపేవాళ్లున్నారు, అది వేరే దుఃఖం.

హైదరాబాద్ నుంచి ఎవరైనా తమ పిల్లల కోసం ఇలాంటి చోట్ల గురించి అడిగితే, డాక్టరును నేనడిగిన ప్రశ్నే ముందు అడగమంటున్నాను. నీళ్లు నమిలితే టికెట్టు డబ్బు మిగిలినట్టే.

"మరి ఏం నేర్పారే?" అని తమ్ముడు ఆ రాత్రి వీడియో కాల్‌లో అడిగాడు.

"ఊపిరి లెక్కపెట్టడం, నాన్నా."

"రెండు వేల పౌండ్లకా!"

వచ్చే నెల పిల్లకు వేల్స్‌లో పాడి ఆవుల దగ్గర పని. దానికి ఫీజు లేదని వాడు మహా సంబరంగా ఉన్నాడు. బసకు ఎంతవుతుందో పిల్ల ఇంకా చెప్పలేదు.